కిరండూల్ వేసవి: ఒక గనిపట్నపు నిత్యజీవన చరిత్ర

విశాఖపట్నంలో ఉదయం బయలుదేరే పాసింజరు రైలు కొత్తవలస వద్ద ప్రధాన మార్గాన్ని విడిచి అనంతగిరి కొండలెక్కుతుంది. బొర్రా, శిమిలిగుడ, అరకు దాటి, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్‌ల మీదుగా పగలంతా నడిచి, పొద్దుగుంకిన తరువాత ఒక కొండ పాదం వద్ద ఆగిపోతుంది. అక్కడితో పట్టాలు సమాప్తం. ఆ చివరి స్టేషను పేరు కిరండూల్. ఒకనాటి బస్తరు సంస్థానంలోని అరణ్యభాగమైన ఈ ప్రాంతం స్వాతంత్ర్యానంతరం మధ్యప్రదేశ్‌లో చేరింది. 1998లో దంతెవాడ జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోకీ, 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు ఆ రాష్ట్రంలోకీ వచ్చింది. పాలన ఎన్ని చేతులు మారినా ఈ పట్నపు వీధులలో తెలుగు మాట వినిపించడం మాత్రం మానలేదు.

గనుల పట్నాల చరిత్రను సాధారణంగా టన్నులలో రాస్తారు. ఏ సంవత్సరం ఏ నిక్షేపం తెరిచారు, ఎంత ఖనిజం ఏ రేవుకు చేరింది అన్న లెక్కలతో ఆ చరిత్ర ముగుస్తుంది. ఆ లెక్కలు అవసరమే. ఈ వ్యాసంలోనూ కొన్ని తప్పవు. అయితే కిరండూల్‌ను అర్థం చేసుకోవాలంటే ఫాల్గుణం నుండి జ్యేష్ఠం దాకా అక్కడి మనుషులు ఏ పని చేశారో, ఏమి తిన్నారో, ఎక్కడికి ప్రయాణమయ్యారో గమనించడం మరింత ఉపయోగకరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎందుకంటే ఈ చిన్న పట్నంలో వేసవి ఒకటి కాదు, రెండు. గని కాలనీకి వేసవి సెలవుల కాలం. చుట్టుపట్ల గ్రామాలకు అదే సంవత్సరంలోకెల్లా పెద్ద పంటల కాలం. అరవై ఏళ్ళుగా ఈ రెండు పంచాంగాలూ ఒకే కొండ నీడలో నడుస్తున్నాయి.

ఆ కొండ పేరు బైలదిల్లా. ఎద్దు మూపురమని అర్థం. దూరం నుండి చూస్తే పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనవసరం లేదు. పన్నెండు వందల మీటర్లకు పైబడిన శిఖరాలతో ఉత్తర దక్షిణాలుగా సాగిన ఈ శ్రేణిలోని ఇనుప రాతిని పందొమ్మిదవ శతాబ్దపు చివర ప్రమథనాథ్ బోస్ గుర్తించాడు. 1934-35లో భూగర్భ సర్వే శాఖకు చెందిన క్రూక్‌షాంక్ కొండంతా తిరిగి, నిక్షేపాలకు ఒకటి నుండి పద్నాలుగు వరకు అంకెలు వేశాడు. నేటికీ అక్కడి కార్మికుడు తాను పనిచేసే చోటును ఆ అంకెతోనే చెబుతాడు. కొండకు గ్రామస్థులు పెట్టుకున్న పేర్లు వేరు. ఆ పేర్లలో దేవతలున్నారు. ఈ భేదం వ్యాసం చివర మళ్ళీ మన ఎదుటికి వస్తుంది.

యుద్ధానంతరం తిరిగి లేస్తున్న జపాను ఉక్కు పరిశ్రమకు ఖనిజం కావలసి వచ్చింది. 1958లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1960లో జపానుతో ఒప్పందం కుదిరింది. రాయిని సముద్రానికి చేర్చడానికి తూర్పు కనుమలను చీల్చుకుంటూ కొత్తవలస నుండి సుమారు 445 కిలోమీటర్ల రైలు మార్గం 1960లలో నిర్మితమయింది. సొరంగాలే 58. బ్రాడ్‌గేజి మార్గాలలో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్లలో ఒకటిగా పేరుపొందిన శిమిలిగుడ ఈ దారిలోదే. 1968లో పద్నాలుగవ నిక్షేపం నుండి ఉత్పత్తి మొదలయింది. కొండ మీద తవ్విన రాయిని కింద కిరండూల్‌లో బండ్లకెత్తారు. అలా, అంతకు ముందు అడవి పల్లెగా ఉన్నచోట స్టేషను, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, బజారు లేచి నిలిచాయి.

రైలు దారి విశాఖ నుండి వచ్చినందువల్ల మనుషులూ ఎక్కువగా ఆ దిక్కు నుండే వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారు సొరంగాల తవ్వకంలోనూ, పట్టాల పనిలోనూ, ఆ వెనుక గనిలోనూ, దుకాణాలలోనూ కుదురుకున్నారు. ఇక్కడ ఒక చారిత్రక సంగతి స్మరించదగినది. బస్తరుకు తెలుగువారి రాక ఈ రైలుతో మొదలయినది కాదు. కిరండూల్‌కు ఈశాన్యంగా, ఇంద్రావతి వైపున్న బార్సూరులో 1060 నాటి తెలుగు శాసనం ఉంది. నాగవంశపు రాజు జగదేకభూషణుని సామంతుడూ తెలుగు చోడుడూ అయిన చంద్రాదిత్యుడు అక్కడ గుడి కట్టించి చెరువు తవ్వించిన సంగతి ఆ శాసనం వలన తెలుస్తున్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులలోకి వచ్చి రాజ్యం స్థాపించినట్లు బస్తరు రాజవంశపు సంప్రదాయం. ఎండాకాలంలో చెరువు తవ్వించినవాడి పేరు వెయ్యేళ్ళు నిలిచింది. ఎండాకాలంలో సొరంగం తవ్వినవారి పేర్లు ఏ రాతి మీదా చెక్కలేదు.

బస్తరులో వేసవికి తెర తీసేది దంతెవాడ జాతర. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఉన్న దంతేశ్వరి ఆలయంలో ఫాల్గుణ మాసాన జరిగే ‘ఫాగున్ మడయి’కి నలుమూలల నుండి గ్రామదేవతలు తమ ధ్వజాలతో, డోలీలతో తరలివస్తారు. రాత్రివేళ వేట అభినయాలు జరుగుతాయి. ఒకనాడు కుందేటి వేట, మరొకనాడు అడవిగొర్రె, ఇంకొకనాడు చుక్కల దుప్పి, చివరకు అడవిదున్న. మనిషే మృగమై కొమ్ములు ధరించి పరుగెడితే మనుషులే తరిమి పట్టుకుంటారు. ఉత్తరాంధ్ర మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగ నాటి వేటను ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు. జాతర ముగిసి ఊరి దేవతలు ఇళ్ళకు మరలేసరికి చెట్ల ఆకులు రాలి, అడవి పలచబడి, ఎండ నేలను తాకుతుంది. అప్పటికి ఇప్ప మొగ్గ కట్టి ఉంటుంది.

ఇప్ప పువ్వు గురించి కొంత విపులంగా చెప్పక తప్పదు. పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది. మీగడ రంగు, మందపాటి రేకు, నోటికి తీపి. కోడి కూయకముందే స్త్రీలు, పిల్లలు గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఆలస్యమైతే పశువులు తింటాయి. అంతకంటె ముందు ఎలుగుబంటి వస్తుంది. ఇప్ప తీపికి ఎలుగుకున్న మోజు వలన ఈ నెలలో చీకటి ప్రయాణం ప్రమాదకరమని గ్రామాలలో అందరికీ తెలుసు. రాలిన పువ్వు స్పష్టంగా కనబడడానికి చెట్టు కింద ఆకుచెత్తను ముందుగానే తగులబెడతారు. ఆ నిప్పు ఒక్కొక్కప్పుడు అదుపు తప్పి అడవికి పాకుతుంది. వేసవి రాత్రులలో కాలనీ వరండాల నుండి చూసేవారికి కొండవాలు మీద ఎర్రటి గీతలుగా కనిపించేది సాధారణంగా ఈ మంటే. ఏరిన పువ్వును ముంగిట ఆరబోస్తే మూడు నాలుగు రోజులలో ఎండుద్రాక్ష రంగుకు తిరుగుతుంది. అది సారాయికి మాత్రమే పనికివస్తుందని పట్నవాసుల ఊహ. నిజానికి వానకాలంలో ధాన్యం అడుగంటినప్పుడు ఉడికించి తినేదీ, పశువులకు పెట్టేదీ, సంతలో ఉప్పుకు మారేదీ అదే. పువ్వు వెనుక కాయ వస్తుంది. జ్యేష్ఠంలో దాని గింజ ఒలిచి నూనె తీస్తారు. ఒక చెట్టు ఒక కుటుంబానికి ఇంటి గాదె వంటిదన్నా తప్పులేదు. ఫలానా చెట్టు ఫలానా ఇంటిదని ఊరంతటికీ ఎరుకే. ఏ రికార్డులోనూ ఆ హక్కు చాలాకాలం నమోదు కాలేదు. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు రిజర్వు అడవుల ఏర్పాటు ఒక ముఖ్య కారణమని చరిత్రకారులు రాసినప్పుడు, ఆ ఆగ్రహం వెనుక ఇటువంటి చెట్లున్నాయని మనం గ్రహించాలి.

ఇప్పను గోండీ మాండలికాలలో ‘ఇరు’, ‘ఇరుప్’ అంటారు. నీటిని ‘ఏర్’ అంటారు. పొద్దును ‘పొద్ద్’, ‘పొర్ద్’ అంటారు. తెలుగును, గోండీని ఒకే ఉపకుటుంబంలో చేర్చిన భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయాన్ని తెలియనివారు సైతం, శ్రీకాకుళం నుండి వచ్చిన కూలీ ఒక మాడియా రైతు నోట ఈ మాటలు వింటే ఉలిక్కిపడి ఉంటాడు. మనకు ఏరు ప్రవాహం. వారికి ఏ నీరయినా ఏరే. సంతలో మధ్యవర్తిగా హల్బీ, ఆఫీసులో హిందీ నడిచినా, అడుగున ఈ చుట్టరికం ఉంది.

తిండిలో ఆ చుట్టరికం మరింత దగ్గరగా కనిపిస్తుంది. దంతెవాడ చుట్టుపక్కల పల్లెల మాడియాలు ఎండలో పనికి వెళ్ళేటప్పుడు ఎండిన సొరకాయ బుర్రలో ‘పేజ్’ పోసుకుని వెళతారు. రాగి పిండి కాచి పులియబెట్టిన జావ అది. ఆకును దొప్పగా మడిచి దానిలో పోసుకుని తాగుతారు. ఉత్తరాంధ్రలో చోడి అంబలి తాగి పొలానికి పోయే కుటుంబాల నుండి వచ్చినవారికి దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు. రాగికి హల్బీలో పేరు ‘మడియా’, విజయనగరంలో చోడి. గింజ ఒక్కటే, ఎండా ఒక్కటే. జీలుగు చెట్టునూ ఇక్కడ ‘సల్ఫీ’ అంటారు. మన మన్యంలో జీలుగు కల్లు తీసినట్లే దాని గెలను కోసి కుండ కడతారు. ఇంటి ముంగిట సల్ఫీ చెట్టున్నవాడు కలిగినవాడి కిందే లెక్క. మనకు పరిచయం లేనిదల్లా ఎర్ర చీమల పచ్చడి. ఆకులను గూడుగా కుట్టుకునే చీమలను గుడ్లతో సహా దులిపి, మిరపకాయ, ఉప్పు చేర్చి నూరిన ఈ ‘చాప్‌డా’ను వేసవి సంతలలో ఆకు దొప్పలలో అమ్ముతారు. పులుపు నిమ్మపండును మించుతుంది. ఒడిశాలోని సిమిలిపాల్ ప్రాంతపు ఇటువంటి పచ్చడికే 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది కనుక ముఖం చిట్లించే పాఠకులు మరొకసారి ఆలోచించవచ్చు.

ఇక కాలనీ వేసవి. గనిలో పాళీల పని ఋతువును బట్టి ఆగదు. మార్పు వచ్చేది ఇళ్ళలో. బైలదిల్లా రాయి ఎరుపు, దాని ధూళి ఎరుపు; చైత్రం దాటేసరికి చెట్ల ఆకులు, ఆరేసిన బట్టలు, కిటికీ చువ్వలు అదే రంగుకు తిరుగుతాయి. పిల్లల తెల్ల చొక్కాకు ఈ ఊళ్ళో ఆయుష్షు తక్కువ. సాయంత్రం ఉరుము లేని మబ్బు ఒకటి పట్టి, గాలిదుమారం లేచి, నాలుగు చినుకులు పడితే ఆ రాత్రికి నిద్ర. కొండ మీద చల్లన. బచేలి పైన ఆకాశనగర్‌లో మే నెలలోనూ గాలి హాయిగా ఉంటుంది. కింద పట్నంలో మాత్రం మైదానపు వేడికి పెద్ద తేడా లేదు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. ఆ తరువాత మామిడికాయ ముక్కలు కొట్టే చప్పుడు. కారం, ఆవపిండి కోసం విశాఖ నుండి వచ్చేవారికి కబురు పెట్టడం, జాడీలు ఎండబెట్టడం, ఆవకాయ కలిపిన చేతితో పిల్లలకు అన్నం ముద్దలు పెట్టడం, ఇవన్నీ ప్రవాసంలో ఉన్న ప్రతి తెలుగింటి ఆచారాలే.

అయితే మామిడి విషయంలో రెండు పంచాంగాలకూ స్పష్టమైన తేడా ఉన్నది. కాలనీ గృహిణి పిందె కనబడగానే పప్పులో వేస్తుంది. గ్రామంలో ‘మార్కా పండుం’ జరిగేదాకా కొత్త కాయను ముట్టరు. గోండీలో మార్కా అంటే మామిడి, పండుం అంటే పండుగ. మొదటి కాయలు పెద్దలకు, నేలతల్లికి సమర్పించాకనే ఇంటికి వస్తాయి. విత్తనం చల్లడానికి ముందు జరిగే ‘విజ్జా పండుం’లోనూ ఇదే నియమం. గోదావరి తీరపు కోయలు విత్తనాల పండుగను ఈ పేరుతోనే ఎరుగుదురు. ఇది మూఢాచారమని తేల్చివేసిన అధికారులు ఒకప్పుడుండేవారు. కాయ ముదిరేవరకు చెట్టును కాపాడే ఏర్పాటు ఇంతకంటె చవకగా ఏ శాఖ అయినా చేయగలదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఆవకాయ జాడీ, బియ్యపు మూట, ముగ్గురు పిల్లలు. బడి మూతపడిన మరునాడు విశాఖ పాసింజరులో ఈ సామాను కనబడుతుంది. పుట్టింటికి పోయేవారు, అమ్మవారి పండుగకు ఊరికి పోయేవారు, పెళ్ళిళ్ళకు పోయేవారు. అరకు లోయ దాటి సొరంగాలు మొదలవగానే పిల్లలు లెక్క పెట్టడం, లెక్క తప్పి తగవులాడుకోవడం ఈ ప్రయాణంలో ఒక భాగం. ఒకప్పుడు ఉద్యోగుల, కూలీల బండిగా ఉన్న ఈ రైలుకే 2017లో అరకు యాత్రికుల కోసం అద్దాల పెట్టె తగిలించారు. ఇప్పుడు ఒకే బండిలో ఒకరు లోయ అందం చూస్తూ కూర్చుంటారు. మరొకరు అలసి నిద్రపోతారు. అల్లర్ల రోజులలో దంతెవాడతోనే బండిని నిలిపివేసిన రాత్రులూ ఉన్నాయి. అక్కడి నుండి మిగిలిన దారి దొరికిన వాహనంలో.

తెలుగు కుటుంబాలు ఇలా తూర్పుకు తరలే రోజులకు కొంత ముందే మరొక ప్రయాణం ఎదురు దిక్కున ముగుస్తుంది. దక్షిణ బస్తరు గ్రామాల నుండి ఏటా వేలాది ఆదివాసులు మిరప కోతకు ఖమ్మం, భద్రాచలం, గుంటూరు ప్రాంతాలకు వెళ్ళి, ఎండలు ముదిరే వేళకు తిరిగి వస్తారు. మన ఇంటి ఆవకాయలో పడే కారానికి వెనుక ఏ చేతులున్నాయో చెప్పడానికి ఇంతకంటె వివరణ అక్కరలేదు. 2020 ఏప్రిల్‌లో దేశమంతా రాకపోకలు నిలిచిపోయినప్పుడు, తెలంగాణ మిరప చేల నుండి అడవి దారిన కాలినడకను బయలుదేరిన బిజాపూర్ జిల్లా బాలిక ఒకతె ఇల్లు మరికొంత దూరంలో ఉండగా మరణించింది. ఆమె వయస్సు పన్నెండేళ్ళు. రైలు దారి వెంట స్థిరమైన జీతం కోసం బస్తరుకు వచ్చిన తెలుగువారి కథతో పాటు, మిరపచేల కూలి కోసం తెలుగునేలకు వెళ్ళే బస్తరువారి కథను కూడా పక్కపక్కన ఉంచి చదవవలసి ఉంటుంది.

వైశాఖంలో అందరినీ ఇంటికి రప్పించేది తునికాకు. చలి తగ్గగానే పొదలను నరికి వదిలితే ఏప్రిల్ చివరకు లేత ఆకు మెత్తగా, వెడల్పుగా వస్తుంది. కోత మూడు వారాలు, మహా అయితే నాలుగు. వాన తగిలితే ఆకు చెడుతుంది కనుక తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ కదులుతారు. పగలు మండువేళకు తిరిగివచ్చి, నీడన కూర్చుని, యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కడతారు. సాయంత్రం వాటిని ‘ఫడ్’కు చేరవేస్తారు. మన తెలంగాణ అడవులలో కల్లం అనేది అదే. అక్కడ మున్షీ కట్టలు లెక్కించి నేలపై వరుసలుగా ఎండబెట్టిస్తాడు. వెయ్యి కట్టలు ఒక ప్రమాణ సంచి. అంటే యాభై వేల ఆకులు. 1964లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని తన అధీనంలోకి తీసుకున్నది. అయినా చేతికందే కూలి చాలాకాలం స్వల్పంగానే ఉండేది. 1980లలో గోదావరి దాటి వచ్చిన సాయుధ దళాలు ఈ అడవులలో కాలూనడానికి తునికాకు కూలి రేటు ఒక ముఖ్య కారణమయిందన్నది ఆనాటి పాలనాధికారులు సైతం కాదనని సంగతి. చేతికి రావలసిన పైసలు సకాలంలో వచ్చి ఉంటే తరువాతి చరిత్ర కొంతయినా వేరుగా నడిచేదేమో! ఛత్తీస్‌గఢ్‌లో సంచి ధర 2019లో రెండు వేల ఐదు వందల నుండి నాలుగు వేల రూపాయలకూ, 2024లో 5500 రూపాయలకూ పెరిగింది. కట్ట ఒక్కింటికి ఐదున్నర రూపాయలు. 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామానిదేనని అంగీకరించాయి. చట్టంలోని ఆ వాక్యం ఫడ్ వద్ద ఎంతవరకు అమలైందో ప్రతి ఏటా మే నెలలో అక్కడే నిలబడి చూడవలసిన విషయం.

వారపు సంతలో ఈ సొమ్ము చెలామణీ అవుతుంది. చింతపండు, సారపప్పు, ఎండిన ఇప్ప ఒకవైపు. ఉప్పు, బట్ట, అల్యూమినియం గిన్నెలు, సముద్ర తీరపు ఎండు చేప మరొకవైపు. ఎండు చేపకు ఇక్కడి పేరు ‘సుక్సీ’. ఒకప్పుడు ఉప్పుకు సమానమైన తూకంలో సారపప్పు ఇచ్చిపుచ్చుకున్న రోజులున్నాయి. ఒక దోసెడు ఉప్పుకు ఒక దోసెడు సారపప్పు! వ్యాపారం చేసినవారిలో అన్ని ప్రాంతాలవారూ ఉన్నారు, మనవారితో సహా. దీనిని దాచి రాయడంలో ప్రయోజనం లేదు.

దాచకూడని మరొక సంగతి ఉన్నది. గని తెరిచిన తొలి సంవత్సరాలలో బయటి నుండి ఒంటరిగా వచ్చిన ఉద్యోగులు, కూలీలు కొందరు స్థానిక యువతులతో కాపురం చేసి, ఆ పిమ్మట విడిచిపెట్టారు. అప్పటి బస్తరు కలెక్టరు బ్రహ్మదేవ్ శర్మ ఈ అన్యాయాన్ని బహిరంగంగా ఎత్తిచూపి, బాధ్యులైనవారు ఆ స్త్రీలను వివాహమాడవలసిందేనని పట్టుబట్టి పెళ్ళిళ్ళు జరిపించారు. ఆ చర్య గురించి నాడూ నేడూ భిన్నాభిప్రాయాలున్నాయి. పెళ్ళి న్యాయమా, శిక్షా అన్న ప్రశ్నకు ఆ స్త్రీలు ఏమని జవాబిచ్చి ఉండేవారో ఏ కాగితంలోనూ దొరకదు.

వేసవులలో 1978 వేసవిని కిరండూల్ మరువలేదు. గనిలో యంత్రాలతో పాటు, సుత్తెతో రాయి పగలగొట్టి తట్టలతో మోసే కూలీలు వేల సంఖ్యలో ఉండేవారు. గుత్తేదార్ల కింద పనిచేసే వీరిలో ఛత్తీస్‌గఢ్ మైదానం నుండి వచ్చినవారు, ఆదివాసులు, అధిక సంఖ్యలో స్త్రీలు ఉన్నారు. జపానులో ఉక్కుకు గిరాకీ తగ్గింది. యంత్రాల సామర్థ్యం పెరిగింది. రెండింటి భారమూ తట్ట మోసేవారి మీదనే పడింది. పని తొలగింపుకు వ్యతిరేకంగా సాగిన ఆందోళనలో ఏప్రిల్ 5న పోలీసు కాల్పులు జరిగాయి. కార్మికులు మరణించారు, ఒక పోలీసు ఉద్యోగి సైతం ప్రాణం కోల్పోయాడు. కార్మికుల గుడిసెలు తగలబడ్డాయి. ఏప్రిల్ అంటే తాటాకూ గడ్డీ నిప్పుకు సిద్ధంగా ఉండే నెల. బతికినవారిలో అనేకులు అదే వేసవిలో మూటలు కట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయారు. అప్పటికి పూస్తున్న ఇప్ప వారిని ఆపలేకపోయింది. ఆ చెట్లు వారివి కావు.

నీటి సంగతి చెప్పకుండా వేసవి కథ పూర్తికాదు. ఖనిజాన్ని కడిగిన నీరు వాగులగుండా శంఖినిలోకి దిగి, దశాబ్దాలపాటు ఆ నదిని ఎర్రగా పారించింది. వేసవిలో ఇతర మడుగులు ఎండిపోయినప్పుడు పశువులకూ, స్నానానికీ మిగిలేది ఆ ఎర్రనీరే. ఏర్ అన్న మాటకు నీరని అర్థం చెప్పుకునే ప్రజల ఎదుట ఏరుండీ నీరు లేని స్థితి వచ్చింది. తరువాత బురదను నిలిపేందుకు కడంపాల్ వద్ద కట్ట నిర్మించారు. గ్రామాలకు గొట్టపు బావులు వేశారు. కొంత మేలు జరిగిన మాట నిజమే. 2006 నుండి ఖనిజపు పొడి నీటిలో కలిసి గొట్టపు మార్గాన విశాఖకు ప్రవహిస్తున్నది. సుమారు 267 కిలోమీటర్ల దారి. కొండ నీరు కొండ రాయిని సముద్రానికి మోసుకుపోతున్నదన్నమాట.

2019 జూన్ మొదటివారం. ఎండ తగ్గలేదు, వాన రాలేదు, తునికాకు పని ముగిసింది, దుక్కి ఇంకా మొదలు కాలేదు. సంవత్సరంలో చేతికి తీరిక దొరికే రోజులు ఈ పక్షమే. జూన్ 7న చుట్టుపక్కల గ్రామాల నుండి వేలాది ఆదివాసులు బియ్యం, వంటపాత్రలు, విల్లంబులు పట్టుకుని కిరండూల్‌లో గని కార్యాలయం ఎదుటికి నడిచివచ్చారు. పదమూడవ నిక్షేపంలో తవ్వకం వద్దన్నది వారి కోరిక. క్రూక్‌షాంక్ పదమూడు అని అంకె వేసిన ఆ కొండ వారికి నందరాజు. ఆయన భార్య పిటోడ్ రాణి మరొక కొండ మీద ఉన్నది. 2014లో హిరోలి గ్రామసభ ఇచ్చినట్లు చూపిన సమ్మతి వాస్తవమైనది కాదని వారు ఆరోపించారు. అప్పటికే వేలాది చెట్లు కొట్టి ఉన్నాయి.

దాదాపు వారం రోజులు వారు రోడ్డు పక్కన, చెట్ల కింద గడిపారు. పగలు ఎండకు గుడ్డ కట్టుకున్నారు, రాత్రి డోళ్ళు కొట్టి ఆడారు, రాళ్ళు మూడు పెట్టి అన్నం వండుకున్నారు. పట్నం నడిబొడ్డున గ్రామపు వేసవి యథాతథంగా వచ్చి కూర్చున్నది. యాభై ఏళ్ళుగా పక్కపక్కన నడిచిన రెండు పంచాంగాలు ఒక గేటు ముందు ఎదురుబొదురుగా నిలిచిన రోజులవి. రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేతను నిలిపి, గ్రామసభ వ్యవహారంపై విచారణకు ఆదేశించింది. జూన్ 13 నాటికి వారు లేచి వెళ్ళారు. మబ్బు పట్టకముందే విత్తనం సిద్ధం చేసుకోవాలి గదా.

సరిగా అదే వారంలో పాసింజరు రైలు నిండుగా వస్తుంది. బడులు తెరిచే రోజులు. విజయనగరం నుండి, పలాస నుండి, బొబ్బిలి నుండి పిల్లలు తిరిగివస్తారు. పెట్టెల మీద బెల్లం, కొబ్బరికాయలు, తాటి తాండ్ర, అమ్మమ్మ కట్టి ఇచ్చిన చీపురు. స్టేషను బయట కొండ మీది దీపాలు. తొలివాన పడిన రాత్రి వీధి కాలువలు ఎర్రగా పారతాయి, కొన్నాళ్ళకు తేటపడతాయి. 2024 జూలైలో మాత్రం ఒక కుంభవృష్టికి కొండ నుండి దూకిన ఎర్రబురద వీధులు దాటి ఇళ్ళలోకి ప్రవేశించింది. ఆ ఏడు ఆవకాయ జాడీలను అటకల మీద పెట్టుకున్నవారివి మిగిలాయి. పల్లెలో గాదె అడుగున ఎండిన ఇప్ప మాత్రం అప్పటికి ఇంకా తీయలేదు. దాని అవసరం శ్రావణం నడుమన పడుతుంది.